చిన్న అణువుల దండలు, మన చీరలు

వస్త్రముల అంగడికి పోయి చీర కొనునపుడు మన స్త్రీలు రంగును చూతురు, అంచును చూతురు, ధర విషయమై బేరమాడుదురు. ఆ చీర దేనితో నేయబడినదని అడుగువారు మాత్రము తక్కువ. "సిల్కు, అమ్మా" అని అంగడివాడు చెప్పినచో చాలును, మూట గట్టించుకొని యింటికి వత్తురు. ఆ సిల్కు పట్టుపురుగు నోటినుండి వచ్చినదో, రాతినూనెనుండి కర్మాగారమున తయారైనదో తెలియకయే దానిని కట్టుకొని పొయ్యి ముందర నిలుతురు. ఈ రెంటికిని గల భేదము అందమునకు మాత్రమే సంబంధించినది కాదు. నిప్పు తగిలినపుడు అది ప్రాణమునకు సంబంధించిన భేదము. కావున నూలు, పట్టు, నైలాను, పాలిథీను మొదలగునవి ఎట్లు పుట్టుచున్నవో, ఏల పుట్టుచున్నవో, ఆ పుట్టుకనుబట్టి వాని గుణము లెట్లు మాఱుచున్నవో ఈ మాసమున సోదరీమణులకు విన్నవింప దలచితిమి.

ఈ వస్తువు లన్నియు ఒక్క కుటుంబమునకు చెందినవే. శాస్త్రజ్ఞులు వీనిని పాలిమరు లందురు. గ్రీకు భాషలో 'పాలీ' యనగా పెక్కు, 'మెరోస్' అనగా భాగము. స్వీడను దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు బెర్జీలియస్ ఈ పదమును 1833లో వాడుకలోనికి తెచ్చెను. ఆయన యుద్దేశించిన యర్థము వేఱు. నేటి యర్థము తరువాత స్థిరపడినది. చిన్న అణువులు వందలు, వేలు, లక్షలు ఒకదాని నొకటి పట్టుకొని యొక్క మహా అణువుగా నేర్పడినచో దానికి పాలిమరని పేరు. విడి అణువు మల్లెమొగ్గ యైనచో పాలిమరు మల్లెదండ. అయితే పూలదండకు దారము కావలెను. ఈ దండకు దారము లేదు. పూవే పూవును పట్టుకొనును.

ఎట్లు పట్టుకొనును? బాలికలు చేతులు పట్టుకొని వరుసగా నిలిచి యాడుట మీరందఱును చూచియుందురు. ప్రతి బాలికకును రెండు చేతు లుండుటచేత వరుస ఎంత దూరమైనను సాగును. ఒక చేత బొమ్మను పట్టుకొనిన బాలిక వచ్చి చేరినచో వరుస అచ్చట నాగిపోవును. మూడు చేతులు గల బాలిక లుందురని యూహించుకొనుడు. అపుడు వరుస వరుసగా నుండక అన్ని దిక్కులకును అల్లుకొని వలయగును. అణువుల విషయమున నిదియే సూత్రము. ఒక్క చోట మాత్రమే అతుకుకొన గల అణువులు జతలుగా మిగిలిపోవును. రెండు చోట్ల అతుకుకొనునవి గొలుసు లగును. మూడు చోట్ల అతుకుకొనునవి వల లగును. గొలుసునకును వలకును గల భేదమును సోదరీమణులు గుర్తుంచుకొందురు గాక. దానితో మనకు మఱల పని యున్నది.

నీటిని విడుచుచు కలియు విధము

అణువులు చేతులు కలుపుకొను విధములు ముఖ్యముగా రెండు. మొదటిదానియందు రెండణువులు కలియునపుడు ఒక చిన్న యణువు, సాధారణముగా నీటియణువు, విడివడి బయటికి పోవును. మనము నిత్యము తినెడి అన్నమే యిందుల కుదాహరణము. వరిమొక్క తన ఆకులలో గ్లూకోసను చక్కెరను తయారుచేసికొనును. ఆ చక్కెర యణువులను ఒకదాని చెంత నొకటి చేర్చి, ప్రతి అతుకునకు ఒక్క నీటియణువును విడిచిపెట్టి, పిండిపదార్థముగా గింజలో దాచుకొనును. అన్నపు ముద్దను మ్రింగక కొంతసేపు నమలి చూడుడు, నోరు తియ్యబడును. లాలాజలమునందలి యొక పదార్థము ఆ అతుకులయందు మఱల నీటిని చొప్పించి గొలుసును త్రెంచుటయే దానికి కారణము. నీటిని విడిచి కలిసినవి నీటిని పుచ్చుకొని విడిపోవుచున్నవి.

ప్రత్తియు ఆ గ్లూకోసుతోనే యేర్పడినదన్న చాలమంది నమ్మరు. కాని యది నిజము. ప్రత్తి పోగులోని సెల్యులోసు అను పాలిమరునందు ఒక్కొక్క గొలుసున సుమారు 10,000 గ్లూకోసు అణువు లుండును. అనగా ఒక గొలుసు తయారగుటకు 9,999 నీటియణువులు తొలగిపోవలెను. బియ్యమునందును ప్రత్తియందును నున్న యణువు ఒక్కటే. చేతులు పట్టుకొనిన తీరు మాత్రము వేఱు. బియ్యమునందు గొలుసు మెలికలు తిరిగి వదులుగా నుండును. ప్రత్తియందు చక్కగా సాగి, ప్రక్క గొలుసులతో గట్టిగా పెనవేసికొని యుండును. మన కడుపులోని పాచకరసములకు ఆ రెండవ తీరు అతుకును విప్పుట చేతగాదు. కావుననే అన్నము మనకు ఆహారమైనది. ప్రత్తి మనకు వస్త్రమైనది. ఆవు కడుపులో నివసించు సూక్ష్మజీవులకు ఆ విద్య తెలియుటచేత ఆవు గడ్డి తిని బ్రదుకుచున్నది.

పట్టుపురుగు చేయు పనియు నిట్టిదే. అది ఎమినో ఆమ్లములను అణువులను వరుసగా కూర్చి, నీటిని విడిచి, ఫైబ్రాయిను అను మాంసకృత్తు గొలుసును వడకును. మన వెండ్రుకలును, గోళ్లును, గొఱ్ఱె ఉన్నియు ఇట్టి మాంసకృత్తులే.

శాస్త్రజ్ఞుల నమ్మికయు, అపనమ్మికయు

ఇన్ని పాలిమరుల నడుమ బ్రదుకుచుండియు మానవుడు వాని స్వరూపమును గుర్తించి నూఱు సంవత్సరములు మాత్రమే యైనది. ప్రత్తి, రబ్బరు మొదలగువానియందు చిన్న యణువులే యేదో బలహీనమైన ఆకర్షణచేత గుమిగూడి యున్నవని పూర్వపు రసాయనజ్ఞులు తలచిరి. అట్లు కాదు, ఇవి గట్టి బంధములతో కూడిన నిజమైన దీర్ఘ అణువులే యని జర్మనీ దేశపు హెర్మన్ స్టౌడింగర్ 1920లో ప్రకటించెను. అప్పటి పండితు లనేకులు ఒప్పుకొనలేదు. ఆయన తన మాటను విడువక, ఏండ్ల తరబడి ప్రయోగములు చేసి నిలబెట్టుకొనెను. ఆయన భార్య మాగ్డా వృక్షశాస్త్రమునందు విదుషి. భర్త పరిశోధనలందు ఆమె తోడుగా పనిచేసెను. 1953లో స్టౌడింగరునకు నోబెలు బహుమానము లభించినది.

స్టౌడింగరు చెప్పినది నిజమైనచో అట్టి గొలుసులను మనమే బుద్ధిపూర్వకముగా కూర్చవచ్చును గదా యని అమెరికాలోని డూపాంటు కంపెనీలో వాలెస్ కరోథర్స్ యోచించెను. రెండు చివరల ఆమ్లగుణము గల యొక అణువును, రెండు చివరల నత్రజని గల మఱియొక అణువును తీసికొని కలిపెను. ఒక్కొక్కదానియందు ఆఱు కర్బన పరమాణువు లుండెను. ఆమ్లపు చేయి నత్రజని చేతిని పట్టుకొని నీటిని విడువగా 1935 ఫిబ్రవరిలో నైలాను పుట్టినది. అది పట్టువలె సాగెను. పట్టుకంటె గట్టిగా నిలిచెను. 1940 మే నెలలో ఆ దేశమంతటను నైలాను మేజోళ్లు అమ్మకమునకు వచ్చినవి. కరోథర్స్ మాత్రము 1937లోనే మరణించెను. తాను కనిపెట్టిన దారము లోకమునకు చేరుట చూడలేదు.

ఈ కలయికను కన్నులార చూపు ప్రయోగ మొకటి 1959లో ప్రకటింపబడినది. ఒక గాజు పాత్రలో ఒకదానిపై నొకటి నిలుచు రెండు ద్రవములను పోయుదురు. ఒకదానియందు నత్రజని చేతుల అణువు, మఱియొకదానియందు ఆమ్లపు చేతుల అణువు నుండును. రెండు ద్రవములు తాకుకొను చోట మీగడవంటి పొర కట్టును. దానిని పట్టకారుతో పైకి లాగినచో నైలాను తెగకుండ త్రాడువలె వచ్చుచునే యుండును. ఈ ప్రయోగమును ప్రకటించిన యిద్దఱిలో నొకరు స్టెఫనీ క్వోలెక్ అను మహిళ. ఆమెయే 1965లో కెవ్లారు అను పోగునకు మూలమైన పదార్థమును కనిపెట్టినది. తుపాకి గుండును ఆపు కవచములు నేడు దానితో చేయబడుచున్నవి.

జంటబంధము విప్పుకొని కలియు విధము

రెండవ విధమునందు ఏదియు బయటికి పోదు. ఇథిలీను అను వాయువునందు రెండు కర్బన పరమాణువులు జంటబంధముతో, అనగా రెండు చేతులతోను ఒకదాని నొకటి పట్టుకొని యుండును. ఆ రెంటిలో నొక పట్టు సడలినచో చెరియొక చేయి ఖాళీయై ప్రక్క యణువును పట్టుకొన వచ్చును. 1933 మార్చిలో ఇంగ్లండునందలి విన్నింగ్టనులో ఫాసెట్, గిబ్సన్ అను నిద్దఱు శాస్త్రజ్ఞులు ఇథిలీనును మిక్కిలి యొత్తిడికిని వేడిమికిని గుఱిచేసిరి. పిమ్మట పాత్రలో మైనమువంటి తెల్లని పదార్థము కొంచెము కనబడెను. అదియే పాలిథీను. మఱల మఱల చేసినను ఒక్కొకసారి కుదిరెను, ఒక్కొకసారి కుదురలేదు. స్వల్పముగా చొరబడిన ఆమ్లజనియే ఆ పనికి నాంది పలుకుచున్నదని తరువాత తెలిసినది.

నాంది యేల కావలెను? ఎండుకట్టెయందు వేడిమి యెంత దాగియున్నను అగ్గిపుల్ల గీయక మండదు. అట్లే జంటబంధమునందలి మొదటి పట్టును విప్పుటకు ప్రేరకము కావలెను. జంటలేని యెలక్ట్రాను గల యొక చిన్న తునక వచ్చి ఇథిలీను చేతి నొకదానిని పట్టుకొనును. రెండవ చేయి ఖాళీ యగును. అది ప్రక్క యణువును పట్టుకొనును. అచ్చట మఱియొక చేయి ఖాళీ యగును. ఇట్లు ఒక్క సెకనులో వేలకొలది యణువులు చేరవచ్చును. రెండు గొలుసుల ఖాళీ చేతులు ఎదురుపడి కలిసికొనినపుడు పెరుగుదల యాగిపోవును.

ఇట్టి కలయికను మన వంటయింటనే చూడవచ్చును. బాణలి వెలుపలి యంచున నూనె చింది, పలుమాఱు కాగి, గోధుమ వన్నె బంకగా మాఱి, ఎంత తోమినను వదలదు. ఇనుప పెనమునకు నూనె రాచి కాల్చగా నల్లని నున్నని పూత యేర్పడి అట్టు అంటుకొనకుండ చేయును. నూనె యణువులలోని జంటబంధములు గాలిలోని ఆమ్లజనితో చేరి యొకదాని కొకటి అతుకుకొనుటయే ఈ రెంటికిని కారణము. ఒకచోట మనము విసుగుకొందుము; ఒకచోట సంతోషింతుము; జరిగిన పని యొక్కటియే.

ఏల కలియవలెను?

విడిగా తిరుగు అణువులు ఏల ముడిపడవలెనను ప్రశ్నకు జవాబు లెక్కలో నున్నది. 28 గ్రాముల ఇథిలీనునందలి జంటబంధములను త్రెంచుటకు సుమారు 612 కిలోజౌళ్ల శక్తి కావలెను. ఆ యొక్క జంటబంధమునకు బదులు రెండు ఒంటి బంధము లేర్పడునపుడు ఒక్కొక్కదానికి సుమారు 347 చొప్పున 694 కిలోజౌళ్లు లభించును. ఖర్చుకంటె రాబడి 80 కిలోజౌళ్లకు మించినది. ఈ మిగులు వేడిమి రూపమున బయటపడును. అది ఒక లీటరు నీటిని 20 డిగ్రీలవఱకు వేడిచేయ చాలును. అణువులు చేరినకొలది శక్తి తగ్గి స్థిమితము కలుగును. నైలాను వంటివానియందు ఇంతటి లాభము లేదు. అచ్చట నీటిని ఎప్పటికప్పుడు తొలగించుటచేత కలయిక ముందునకు సాగును. నీటిని అచ్చటనే నిలిపితిమా, అతుకులు మఱల విడిపోవుటకు యత్నించును.

ఈ లెక్కకు మఱియొక ప్రక్క కలదు. విడిగా నున్నపుడు అణువునకు స్వేచ్ఛ యుండును. గొలుసులో చేరగానే అది పోవును. శక్తిలో కలిగిన లాభము స్వేచ్ఛలో కలిగిన నష్టమును మించినంతవఱకే గొలుసు నిలుచును. వేడిమి మితిమీరినచో స్వేచ్ఛయే గెలుచును. అక్రిలికు పలకను మిక్కిలి కాల్చినచో అది మఱల తన మొదటి చిన్న యణువులుగా విడిపోవుట కిదియే కారణము.

వంటయింటి చీర

ఇపుడు గొలుసును, వలను జ్ఞప్తికి తెచ్చుకొందము. విడివిడి గొలుసులతో కూడిన పదార్థమును వేడిచేసినచో గొలుసులు ఒకదానిపై నొకటి జారి పదార్థము కరగును. చల్లారగా నేతివలె మఱల పేరుకొనును. వలగా అల్లుకొనినది కరగదు. ఇడ్లీ మఱల పిండి కానట్లు, అది ఒకసారి బిగిసినచో బిగిసినదే. 1907లో లియో బేక్లాండు కనిపెట్టిన బేకలైటు వలజాతికి చెందినది. కావుననే కుక్కరు పిడులకు అట్టి పదార్థమును వాడుదురు.

గొలుసుజాతిలోను తారతమ్యము లున్నవి. పాలిథీను గొలుసుల నడుమ ఆకర్షణ మిక్కిలి స్వల్పము. అది 105 మొదలు 135 డిగ్రీలలోపలనే కరగును. 1941లో ఇంగ్లండులో కనిపెట్టబడిన పాలియెస్టరును, నైలానును 220 మొదలు 265 డిగ్రీల మధ్య కరగును. ప్రత్తి గొలుసుల నడుమ ఉదజని బంధములు లెక్కకు మిక్కిలిగా నుండుటచేత అవి జారలేవు. జారుటకు ముందే మాడి బూడిద యగును. కావున నిప్పంటినపుడు నూలుచీర మండి బూడిదయై రాలును. పాలియెస్టరు, నైలాను చీరలు ముడుచుకొని, కరగి, కాగిన లక్కవలె చర్మమున కంటుకొని లోతుగా కాల్చును. నూలును పాలియెస్టరును కలిపి నేసిన బట్ట మఱియు మోసకారి. అందలి నూలు వత్తివలె మండుచుండగా పాలియెస్టరు చమురువలె కరగుచుండును.

నూలైనచో భయము లేదని మాత్రము మేము చెప్పుట లేదు. పలుచని నూలుబట్ట వేగముగా అంటుకొనును. పొయ్యియొద్దకు పోవునపుడు కొంచెము దళసరి నూలుచీరను కట్టుకొని, కొంగును నడుమున బిగించి దోపుకొనుట మన పెద్దలు నేర్పిన పద్ధతి. అంతకు మించిన రక్షణ లేదు. దీపావళినాడు బాణసంచా కాల్చు బిడ్డలకు గూడ నిగనిగలాడు గౌనులను మాని నూలుబట్టలనే తొడుగవలెను.

కొనిన బట్ట దేనితో చేసినదో తెలిసికొనుటకు సులభమైన పరీక్ష కలదు. మడతలోనుండి రెండు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకొని, నీళ్లగిన్నెపైన అంటింపుడు. కాగితము కాలిన వాసన వచ్చి మెత్తని బూడిద మిగిలినచో అది నూలు. మ్రాని గుజ్జుతో చేసిన కృత్రిమ పట్టు, అనగా రేయాను గూడ సెల్యులోసే యగుటచేత అట్లే కాలును. వెండ్రుక కాలిన వాసన వచ్చి, వ్రేళ్లతో నలుపగా పొడియగు నల్లని మసి మిగిలినచో అది పట్టు లేక ఉన్ని. ముడుచుకొని కరగి, చల్లారిన పిమ్మట నలుపరాని గట్టిపూస మిగిలినచో అది నైలాను లేక పాలియెస్టరు. నిలువుపోగును, అడ్డుపోగును వేఱు వేఱుగా పరీక్షింపవలెను.

దైవవశమున బట్ట అంటుకొనినచో పరుగెత్తరాదు. నేలపై పడి దొర్లవలెను. మంట ఆరిన వెంటనే కాలిన చోట చల్లని నీటిని ధారగా 20 నిమిషములు పోయవలెను. ఒంటి కంటుకొనిన బట్టను పెరికి తీయరాదు, చర్మముకూడ ఊడివచ్చును. సిరాగాని, పసుపుగాని, పండ్లు తోము పేస్టుగాని, మంచుగడ్డగాని పెట్టరాదు. శుభ్రమైన గుడ్డ కప్పి తడయక వైద్యశాలకు తీసికొనిపోవలెను.

పాత్రల విషయమునను ఈ జ్ఞానము పనికివచ్చును. వేపుడు నూనె 180 డిగ్రీలవఱకు కాగును. కావున దానిని ఏ ప్లాస్టికు గిన్నెలోను పోయరాదు. పలుచని పాలిథీను సంచిలో పొగలు గ్రక్కు సాంబారును, తేనీటిని తెచ్చుకొనుట మంచి యలవాటు కాదు. మెలమైను పళ్లెరములు వలజాతివైనను, వానిలో పులుసు వస్తువులను ఉంచి కాచుటగాని, మైక్రోవేవునందు పెట్టుటగాని తగదు; వేడిమియు పులుపును చేరి ఆ అతుకులను కొంత సడలించి చిన్న యణువులను ఆహారములోనికి దింపును. పాలికార్బొనేటు పాలసీసాలనుండి బిస్ఫినాలు-ఎ అను పదార్థము ఇట్లే దిగునను శంకచేత ఐరోపా రాజ్యములు 2011లో అట్టి సీసాలను నిషేధించినవి.

కడపటి మాట. అన్నపు గొలుసును త్రెంచు కత్తెరలు ప్రకృతిలో నున్నవి. కర్బనమునకు కర్బనమే అతికిన పాలిథీను గొలుసున కట్టి కత్తెర సులభముగా దొరకదు. పాలియెస్టరును తినగల సూక్ష్మజీవి నొకదానిని జపాను శాస్త్రజ్ఞులు 2016లో ప్రకటించిరి గాని, మన పెరటి చెత్తకుప్పను అది శుభ్రము చేయునని కూర్చుండుటకు వీలులేదు. మన దేశమున ఒక్కసారి వాడి పాఱవేయు పెక్కు ప్లాస్టికు వస్తువులు 2022 జులై 1వ తేదీనుండి నిషేధింపబడినవి. అయినను పొయ్యి రాజవేయుటకు ప్లాస్టికు సంచులను వాడు ఇండ్లు ఇంకను కలవు. అది మానవలెను. ఆ చెత్తలో పీవీసీ తునుక లున్నచో ఘాటైన ఆమ్లవాయువును, డయాక్సిను లను విషములును పుట్టును; ఆ పొగను ముందుగా పీల్చునది పొయ్యి యూదు తల్లియు, ఆమె చంకనున్న బిడ్డయును.

సోదరీమణులు తమ పెట్టెలలోని చీరలను ఈ వారము తీరికవేళ పరీక్షించి, వంటకు కట్టదగినవానిని ఒక ప్రక్కను, పేరంటమునకు కట్టదగినవానిని మఱియొక ప్రక్కను సర్దుకొందురని మా మనవి.